ఎంత కొడుతుంది అక్కా?

కారు పిచ్చి ఉన్నవాళ్లని జనం అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఎంత కొడుతుంది?" పెట్రోల్ బంకులో కుర్రాడు అడుగుతాడు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అడుగుతాడు. ఆఫీసులో స్కూటర్ మీద వచ్చే కొలీగ్ కూడా లంచ్ టైమ్‌లో అదే అడుగుతాడు. మీటర్ మీద ఉన్న చివరి అంకె చెబితే "అబ్బో" అంటారు. ముచ్చట అక్కడితో అయిపోతుంది. "ఎంత దూరంలో ఆగుతుంది?" అని మాత్రం ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు, ఒక్క మా నాన్న తప్ప.

నాన్న ఆర్టీసీ డ్రైవర్. భద్రాచలం డిపోలో చాలాకాలం చేసి రిటైరయ్యాడు. మారేడుమిల్లి ఘాట్‌లో రాత్రి సర్వీసులు నడిపిన మనిషి. ఆయన బస్సు నడిపిన సంగతులు వింటూ పెరిగిన నాకు బొమ్మల కన్నా బండ్లంటేనే ఇష్టం. ఇప్పుడు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతిలో ఒక చిన్న టర్బో కారు, ఏడాదికి ఒకట్రెండు సార్లు రేస్ ట్రాక్ మీద డ్రైవింగ్. నా జీతంలో మిగిలేదంతా ఎక్కడికి పోతుందో మా అమ్మకి బాగా తెలుసు!

మొన్నీమధ్య మా పిన్ని కొడుకు నా కారు చూసి చూసి అలాంటిదే ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. వాడికి 23 ఏళ్లు. కొన్న వారానికే మెసేజ్. "అక్కా, స్టేజ్ 1 ఎక్కడ చేయించాలి? 40 వేలు సరిపోతాయా?" దానికి నేనిచ్చిన జవాబు ఒక్క మెసేజ్‌లో పట్టలేదు. అదే ఇక్కడ రాస్తున్నా. ఇదే ప్రశ్న ఫోన్‌లో టైప్ చేసి వెతుకుతున్న వాళ్లు ఇంకా చాలామంది ఉంటారు కదా.

కోటి రూపాయలు అక్కర్లేదు

పెర్ఫార్మెన్స్ కారు అనగానే రీల్స్‌లో కనిపించే కోటి రూపాయల బండ్లే గుర్తొస్తాయి. నిజానికి మనదేశంలో చాలామంది ట్రాక్ డ్రైవింగ్ నేర్చుకునేది చిన్న హ్యాచ్‌బ్యాక్‌లలోనే. నాది ఫోక్స్‌వ్యాగన్ పోలో, 1.0 లీటర్ టీఎస్ఐ. మూడు సిలిండర్లు, ఒక టర్బో, 110 పీఎస్ పవర్, 175 ఎన్ఎం టార్క్, ఆరు గేర్ల మాన్యువల్. ఈ ఇంజిన్ 2020లో వచ్చింది. 2022లో పోలో అమ్మకాలే ఇక్కడ ఆగిపోయాయి. నేను కొన్నది ఆ ఏడాదే, సెకండ్ హ్యాండ్‌లో.

దీన్నే ఎందుకు అంటారా? బరువు తక్కువ. స్టీరింగ్ తిప్పితే ముక్కు వెంటనే తిరుగుతుంది. 2010 నుంచే పోలో కప్ పేరుతో ఈ కారుతో రేసులు జరిగాయి కాబట్టి, దీన్ని ట్రాక్‌కి ఎలా సిద్ధం చేయాలో తెలిసిన మెకానిక్‌లు దొరుకుతారు. అమ్మ మాత్రం "అదే డబ్బుకి పెద్ద బండి వచ్చేది గదనే" అని ఇప్పటికీ అంటుంది.

ఇలాంటి కారు సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు మామూలు కారు కంటే ఎక్కువ చూడాలి. ఎందుకంటే ఇష్టపడి కొన్నవాళ్లు ఇష్టమొచ్చినట్టు నడిపి ఉంటారు. నేను నాలుగు కార్లు చూసి వద్దనుకుని ఐదోది తీసుకున్నా. చూసినవి ఇవే.

సర్వీస్ రికార్డులో కిలోమీటర్లు వరసగా పెరుగుతూ వచ్చాయా లేదా. కిటికీ అద్దాలన్నిటి మీద ఒకే ఏడాది గుర్తు ఉందా, లేక ఒకటి మాత్రం తర్వాత మార్చిందా. బానెట్ నట్ల మీద పెయింట్ చెదిరిందా. టైరు పక్కన చిన్న గడిలో నాలుగు అంకెలు ఉంటాయి, అవి చాలామంది చూడరు. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. అరగకపోయినా పాత టైరు గట్టిపడిపోతుంది, పట్టు ఉండదు. ఇక చివరిది, మోడిఫై చేసి, అమ్మే ముందు మళ్లీ మామూలుగా మార్చేసిన బండ్లుంటాయి. ఎయిర్ ఫిల్టర్ బాక్సు, ఎగ్జాస్ట్ క్లాంపుల మీద స్క్రూడ్రైవర్ గీతలు కొత్తగా ఉంటే అనుమానించాలి. నేను వద్దనుకున్న నాలుగింట్లో రెండు అలాంటివే.

నాలుగు అరచేతులు

కారు ఇంటికి తెచ్చిన రోజు నాన్న ఖమ్మం నుంచి వచ్చాడు. చుట్టూ తిరిగి చూశాడు. బానెట్ తీయమనలేదు. టైర్ల దగ్గర కూర్చుని బొటనవేలితో రబ్బరు నొక్కాడు. "బ్రేకులు చూపించినవా? ఎంతలో ఆగుతుంది?" అన్నాడు. అదీ ఆయన మొదటి మాట.

ఘాట్ డ్రైవర్లకి ఒక సూత్రం ఉంటుంది. ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాలి. బ్రేకు మీదే భారం వేసి దిగితే మధ్యలోనే లైనర్లు కాలిన వాసన వస్తుంది. ఆ తర్వాత పెడల్ తొక్కినా బండి ఆగదు. అప్పటికి వెనకాల యాభై మంది నిద్రపోతూ ఉంటారు. నాన్నకి బ్రేక్ ఫేడ్ అనే ఇంగ్లిష్ మాట తెలియదు కానీ, దాని వాసన తెలుసు.

అందుకే నా కారులో డబ్బు పెట్టిన వరస ఇదీ. మొదట టైర్లు, తర్వాత బ్రేక్ ఆయిల్, ఆ తర్వాత బ్రేక్ ప్యాడ్లు, ఆపైన వీల్ అలైన్‌మెంట్. ఇంజిన్‌ని ఇప్పటిదాకా ముట్టుకోలేదు.

టైర్లతో మొదలుపెడదాం. కారు ఎంత ఖరీదైనదైనా రోడ్డుని తాకేది ఒక్కో టైరు కింద సుమారు అరచేయంత జాగానే. ఇంజిన్ ఇచ్చే పవరూ, బ్రేకు ఆపే బలమూ, స్టీరింగ్ తిప్పే మలుపూ, అన్నీ ఆ నాలుగు అరచేతుల్లోంచే పోవాలి. పైగా టైరుకి ఉండే పట్టు మన జీతంలాంటిది. అంతా బ్రేకుకే ఖర్చు పెట్టేస్తే మలుపు తిరగడానికి మిగలదు. అంతా మలుపుకే పెడితే యాక్సిలరేటర్ తొక్కడానికి మిగలదు. మంచి టైర్లు అంటే జీతం పెరగడం. అందుకే కంపెనీ చెప్పిన సైజులోనే మెత్తటి రబ్బరున్న మంచి రకం వేయించా. నాలుగింటికీ 30 వేల దాకా అయింది.

తర్వాత బ్రేకులు. ఇక్కడ చిన్న లెక్క. కదిలే బండిలో ఉండే శక్తి వేగంతో పాటు కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. వంద మీద వెళ్లే కారు నూట నలభైకి చేరితే వేగం పెరిగింది 40 శాతమే. కానీ బ్రేకులు మింగాల్సిన శక్తి దాదాపు రెట్టింపు. ఆ శక్తి ఎక్కడికీ మాయమైపోదు, డిస్కుల్లో, ప్యాడ్లలో వేడిగా మారుతుంది. రోడ్డు మీద ఒకసారి గట్టిగా బ్రేకు వేస్తే మళ్లీ చల్లారడానికి టైముంటుంది. ట్రాక్‌లో అలా కాదు, నిమిషానికి నాలుగైదు సార్లు వేస్తూనే ఉండాలి.

ఆ వేడి బ్రేక్ ఆయిల్‌కి చేరుతుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. కానీ ఆ ఆయిల్‌కి గాలిలో తేమని పీల్చే గుణం ఉంది. నీరు చేరిన ఆయిల్‌కి అదే ప్రమాణంలో కనీస అంకె 155 డిగ్రీలే. మరిగితే లోపల బుడగలొస్తాయి. ఆయిల్‌ని నొక్కితే చక్రం దగ్గర బలం పడుతుంది, బుడగని నొక్కితే బుడగే నలుగుతుంది. పెడల్ మెత్తగా నేలకి తాకుతుంది, కారు మాత్రం పోతూనే ఉంటుంది. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చాలన్నది అందుకే. ట్రాక్‌కి వెళ్లేవాళ్లయితే వెళ్లే ముందు తప్పనిసరిగా మార్చాలి. నాకు ఆయిల్, ఎక్కువ వేడి తట్టుకునే ప్యాడ్లు, కూలీ అన్నీ కలిపి 14 వేలయ్యాయి. బయటికి కనిపించదు, శబ్దం రాదు, ఇన్‌స్టాలో పెట్టుకోవడానికి ఫొటో కూడా ఉండదు.

స్టేజ్ 1 కథ

మరి తమ్ముడు అడిగిన స్టేజ్ 1 అంటే ఏంటి? ఇంజిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్ ఉంటుంది, ఈసీయూ అంటారు. టర్బో ఎంత గాలి నెట్టాలి, పెట్రోల్ ఎంత పోయాలి, నిప్పురవ్వ ఎప్పుడు వెలగాలి అన్నీ అదే చెబుతుంది. కంపెనీవాళ్లు నాసిరకం పెట్రోల్‌నీ, మండు వేసవినీ, సర్వీస్ ఎగ్గొట్టే ఓనర్‌నీ కూడా దృష్టిలో పెట్టుకుని కొంత దగ్గర ఆపేస్తారు. ట్యూనర్ ఆ ప్రోగ్రాం మార్చి మిగిలిన దాన్ని బయటికి లాగుతాడు. మా ఇంజిన్ 110 నుంచి 130 పీఎస్ దాటుతుందని ట్యూనర్ల మాట. బాగా తెలిసినవాళ్లు చేస్తే బాగానే ఉంటుంది. కాకపోతే క్లచ్, గేర్‌బాక్స్, టర్బో అన్నిటి మీదా అదనపు భారం పడుతుంది. వారంటీ మీద ఆశ వదులుకోవాలి.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణ ప్రకారం అలాంటి మార్పుకి ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. మోత మోగించే సైలెన్సర్లని రోడ్ రోలర్ కింద తొక్కించిన వీడియోలు మీరూ చూసే ఉంటారు.

అంతకంటే పెద్ద సంగతి ఇన్సూరెన్స్. మీ కారు పాలసీ ఒకసారి తెరిచి చదవండి. రేసింగ్, స్పీడ్ టెస్టింగ్‌కి కవర్ లేదని అందులో రాసే ఉంటుంది. మార్పులు చేయించి కంపెనీకి చెప్పకపోతే రేపు క్లెయిమ్ దగ్గర గొడవ. అంటే ట్రాక్ మీద గోడకి తగిలితే ఆ బిల్లు మన జేబులోంచే. ఈఎంఐ కడుతున్న కారుని అక్కడ తిప్పుతున్నప్పుడు ఈ ఒక్క వాక్యం మన మనసులో బాగా పనిచేస్తుంది, నమ్మండి!

ఇరుంగట్టుకోట్టై

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ రేసు జరిగినప్పుడు నేనూ వెళ్లా. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. రోజూ బిర్యానీ కోసం తిరిగే రోడ్ల మీద ఆ కార్లు మలుపు ముందు ఎంత ఆలస్యంగా, ఎంత నిక్కచ్చిగా బ్రేకు వేస్తున్నాయో చూస్తుంటే కళ్లు తిప్పుకోలేకపోయా. ఆ రాత్రే చెన్నై ట్రాక్ డేల వివరాలు వెతికా.

ట్రాక్ డే అంటే రేసు కాదు. రేస్ ట్రాక్‌ని ఒక రోజుకి అద్దెకి తీసుకుని, ఫీజు కట్టినవాళ్లని వాళ్ల సొంత కార్లతో బ్యాచ్‌ల వారీగా వదులుతారు. పోటీ ఉండదు, కప్పు ఉండదు. నేను వెళ్లింది చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగట్టుకోట్టైకి. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ల సర్క్యూట్ అది. 1990 నుంచి నడుస్తోంది. పొడవు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. కోయంబత్తూరులో కారి స్పీడ్‌వే, ఢిల్లీ పక్కన 2011 నుంచి 2013 దాకా ఫార్ములా వన్ జరిగిన బుద్ధ్ సర్క్యూట్ కూడా ఉన్నాయి గానీ, హైదరాబాద్ నుంచి నాకు ఇదే అనువు. నార్కట్‌పల్లి, మిర్యాలగూడ, అద్దంకి, ఒంగోలు, నెల్లూరు మీదుగా ఒక రోజు ప్రయాణం. తోడుగా ఆఫీస్ ఫ్రెండ్ వచ్చింది. సూళ్లూరుపేట దాటేదాకా పాటలు, ఆ తర్వాత ఇద్దరికీ కడుపులో గుబులు.

ఉదయం ఏడింటికి చెకింగ్. కారులో ఊడిపడేవేవీ ఉండకూడదు. కాళ్ల కింద మ్యాట్లు, డ్యాష్‌బోర్డు మీద వినాయకుడు, డోర్‌లో నీళ్ల సీసా, వెనకాల స్టెప్నీ, జాకీ అన్నీ బయటికి. బ్రేకు కింద సీసా దొర్లిందంటే అంతే సంగతులు. హెల్మెట్ తప్పనిసరి. తర్వాత జెండాల పాఠం. పసుపు అంటే ముందు ప్రమాదం, నెమ్మదించు, ఓవర్‌టేక్ చేయకు. నీలం అంటే వెనక వేగంగా వస్తున్నాడు, దారివ్వు. ఎరుపు అంటే సెషన్ ఆగింది, మెల్లగా పిట్‌కి రా. ఓవర్‌టేకింగ్ స్ట్రెయిట్ మీదే, అదీ ముందు కారువాడు చెయ్యి చూపించి పొమ్మంటేనే. మన రోడ్ల మీద ఈ ఒక్క రూల్ ఉంటే ఎంతమంది బతికుండేవాళ్లో అనిపించింది.

మొదటి సెషన్‌లో పక్కన ఇన్‌స్ట్రక్టర్ కూర్చున్నాడు. తమిళాయన, పాత రేసర్. ఇంగ్లిష్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పేవాడు. "బ్రేక్, బ్రేక్, ఇప్పుడు వదులు, అక్కడ చూడు మేడమ్, అక్కడ!" అనేవాడు. ఆయన నేర్పింది ప్రధానంగా మూడు సంగతులు.

ఒకటి, చూపు. కళ్లు ఎటు చూస్తే చేతులు అటే తిప్పుతాయి. మలుపులోకి దిగకముందే మలుపు చివరికి చూడాలి. గోడని చూస్తే గోడకే పోతాం.

రెండు, బ్రేకు తిన్నగా ఉన్నప్పుడే వేయాలి. మొదట గట్టిగా, తర్వాత కొద్దికొద్దిగా వదలాలి. బ్రేకు వేస్తే కారు బరువు ముందు చక్రాల మీదికి వస్తుంది, వెనకవి తేలికవుతాయి. మలుపు మధ్యలో భయపడి కాలు ఠక్కున తీసినా, బ్రేకు గుద్దినా వెనక భాగం మన మాట వినదు.

మూడు, నెమ్మదిగా లోపలికి, వేగంగా బయటికి. మలుపుకి బయటి అంచు నుంచి మొదలుపెట్టి, లోపలి అంచుని తాకి, మళ్లీ బయటి అంచుకి వదిలితే దారి తిన్నగా అవుతుంది. మలుపులోకి వీరావేశంగా దూరినవాడు మధ్యలో ఇరుక్కుంటాడు. ఓపిక పట్టినవాడు తర్వాతి స్ట్రెయిట్ మొత్తం లాభపడతాడు.

చెప్పుకోవడానికి సులువే. మెయిన్ స్ట్రెయిట్ చివర సీ1 అనే మలుపు దూసుకొస్తుంటే ఇవన్నీ గుర్తుండాలి, అదీ కష్టం. మొదటి సెషన్ అయ్యేసరికి నా టీషర్టు తడిసిపోయింది. అరచేతులు ఎర్రబడ్డాయి. ఒక్కో సెషన్ 15 నిమిషాలే, కానీ మెదడు సెమిస్టర్ పరీక్ష రాసినంత అలిసిపోతుంది. సెషన్ చివర ఒక రౌండ్ బ్రేకు వాడకుండా మెల్లగా తిరగాలి, బ్రేకులు చల్లారడానికి. ఆపాక హ్యాండ్‌బ్రేకు లాగకూడదు, గేరులో పెట్టి చక్రం కింద చెక్క పెట్టాలి. ఉదయం చల్లగా ఉన్నప్పుడు 30 ఉన్న టైరు గాలి, సెషన్ అయ్యేసరికి 36కి పోయింది. వేడికి గాలి వ్యాకోచిస్తుంది కదా. కొంత తీసి మళ్లీ వెళ్లాలి.

మా బ్యాచ్‌లో స్టేజ్ 2 చేయించిన హ్యాచ్‌బ్యాక్ ఒకటి ఉంది. నా కారు కంటే చాలా పవర్. స్ట్రెయిట్‌లో ప్రతిసారీ నీలం జెండా చూపించేవాళ్లు, నేను చెయ్యి చూపించి పంపేదాన్ని. మూడో సెషన్‌లో ఆ కారు నా ముందు మలుపు దగ్గర తిరగనే లేదు. తిన్నగా గడ్డిలోకి పోయింది. పసుపు జెండాలు ఊపారు. అబ్బాయికి ఏం కాలేదు. పిట్‌లో కలిస్తే మంచినీళ్ల సీసా పట్టుకున్న చెయ్యి ఇంకా వణుకుతోంది. పెడల్ మెత్తగా నేలకి తాకిందట. ఇంజిన్‌కి లక్షన్నర పెట్టాడు, బ్రేక్ ఆయిల్ మాత్రం కారు కొన్నప్పటిదే. ట్రాక్ కాబట్టి పక్కన గడ్డి ఉంది. అదే మామూలు రోడ్డయితే ఆ చోట ఒక టీ కొట్టో, బస్టాపో ఉంటుంది.

సాయంత్రం చివరి సెషన్‌లో ఫ్రెండ్ స్టాప్‌వాచ్ పట్టుకుంది. ఉదయానికీ, సాయంత్రానికీ నా ల్యాప్‌లో తేడా 11 సెకన్లు. కారులో ఒక్క నట్టు కూడా మారలేదు. మారింది చూపు, కాలు, ఓపిక. 40 వేలు పెట్టి 20 పీఎస్ కొనుక్కున్నా నాకు ఆ రోజు 11 సెకన్లు వచ్చేవి కావు.

ఖర్చు దాచను

ఇది చవకైన సరదా అని చెప్పను. ఎంట్రీ ఫీజు, రానుపోను పెట్రోల్, టోల్, రెండు రాత్రుల హోటల్ కలిపి ఒక్కో ట్రిప్పుకి పాతిక వేల పైనే అవుతోంది. హైవే మీద లీటర్‌కి 18 ఇచ్చే కారు ట్రాక్‌లో 6 దాటదు. టైర్ల ఆయుష్షు తగ్గుతుంది, ప్యాడ్లు తొందరగా అరుగుతాయి. అందుకే ఏడాదికి రెండు సార్లకి మించి వెళ్లను. నెలనెలా కొంత పక్కన పెడతా. ఆ డబ్బు చేరకపోతే ఆ ఏడాది ట్రాక్ లేదు. అప్పు చేసి ట్యూనింగ్, క్రెడిట్ కార్డు ఈఎంఐ మీద ఎగ్జాస్ట్ కొనేవాళ్లని చూస్తే బాధేస్తుంది. నెల జీతం రాకముందే పాతబడిపోయే సంతోషం అది.

డబ్బు లేకపోతే? నగరంలో గో-కార్టింగ్ ఉంది. కొన్ని వందల రూపాయలతో చూపు, బ్రేకు, లైన్ మూడూ అక్కడ నేర్చుకోవచ్చు. పేరున్న రేసర్లలో చాలామంది మొదలుపెట్టింది కార్టింగ్‌తోనే.

పక్క సీట్లో తమ్ముడు

తమ్ముడి విషయానికొస్తే, వాడి మెసేజ్ చూసి నేను భయపడటానికి ఒక కారణం ఉంది. వాడి క్లాస్‌మేట్ ఒకడు అర్ధరాత్రి ఓఆర్ఆర్ మీద ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దాడు. బతికాడు. కాల్లో రాడ్డు ఉంది, ఏడాదైనా కర్ర లేకుండా నడవలేకపోతున్నాడు. వాడిదీ ట్యూన్ చేసిన కారే. శని, ఆదివారాలు రాత్రిళ్లు వీళ్లంతా కలిసి వెళ్లేవాళ్లని పిన్నికి ఇప్పటికీ తెలియదు.

ఓఆర్ఆర్ మీద కార్లకి 120 దాకా అనుమతి ఉంది. ఆ వేగంలో కారు సెకనుకి 33 మీటర్లు పోతుంది. చీకట్లో లైట్లు లేని లారీని కన్ను చూసి, మెదడు గుర్తుపట్టి, కాలు బ్రేకు మీదికి వచ్చేసరికే ఆ 33 మీటర్లు అయిపోతాయి. బ్రేకు పని అప్పుడు మొదలవుతుంది. నూట అరవై, నూట ఎనభై సంగతి మీరే లెక్కేసుకోండి. ట్రాక్‌లో అందరూ ఒకే దిక్కుకి పోతారు. ఎదురొచ్చే బైకు ఉండదు, బర్రె అడ్డం రాదు, ప్రతి మలుపు దగ్గరా జెండా పట్టుకున్న మనిషి ఉంటాడు, అంబులెన్స్ ఇంజిన్ ఆన్‌లో ఉంటుంది. అయినా అక్కడ హెల్మెట్ లేకుండా వదలరు. అవేవీ లేని రోడ్డు మీద మనం ఒక చేత్తో ఫోన్ పట్టుకుని రీల్ తీస్తాం.

ఇవన్నీ వాడికి ఉపన్యాసం చెప్పలేదు. చెబితే వినే వయసు కాదు. "వచ్చే నెల చెన్నై పోతున్నా, వస్తావా?" అన్నా. ఎగిరి గంతేశాడు. మధ్యాహ్నం సెషన్‌లో పక్కన కూర్చోబెట్టుకునేందుకు ఒప్పుకున్నారు. మొదటి మలుపు దాకా "అక్కా తొక్కు, తొక్కు" అన్నాడు. బ్రేకు వేసే బోర్డు దాటి నేను పెడల్ తొక్కగానే సీటు బెల్టులో వేలాడాడు. ఆ తర్వాత మూడు రౌండ్లూ మాట లేదు. పిట్‌లో దిగి కాసేపు చక్రం పక్కనే నిలబడ్డాడు. డిస్కు నుంచి సెగ కొడుతోంది. "నా కారు ఇట్లా ఆగదు కదక్కా" అన్నాడు. ఆగదు అన్నా.

వాడికి స్టేజ్ 1 మీద కోరిక చచ్చిపోయిందని అబద్ధం చెప్పను. వరస మాత్రం మారింది. ఆ 40 వేలతో టైర్లు, ఆయిల్, ప్యాడ్లు వేయించాడు. వచ్చే ట్రాక్ డేకి తనే పేరిచ్చాడు. రాత్రి రైడ్ల గ్రూపులోంచి బయటికొచ్చానని చెప్పాడు. నేను తరచి అడగలేదు. ఇప్పుడు శనివారం రాత్రి పది దాటాక వాడికి వీడియో కాల్ చేస్తే, వెనకాల వాళ్లింటి గోడే కనిపిస్తోంది. నాకు అది చాలు.

పోయిన వారం ఖమ్మం వెళ్లినప్పుడు నాన్న మళ్లీ టైర్ల దగ్గర కూర్చున్నాడు. నాలుగూ నిమిరి చూసి, ముందు ఎడమ టైరు దగ్గర ఆగాడు. "ఇది అంచున ఎక్కువ అరిగింది. మీ ట్రాక్‌లో కుడి మలుపులు ఎక్కువా?" అన్నాడు. ఆయన ఆ ట్రాక్‌ని ఎప్పుడూ చూడలేదు, నేను మ్యాప్ చూపించిందీ లేదు. గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతాం నాన్నా, కుడివే ఎక్కువ అన్నా. తలూపాడు. "మరి ముందువి వెనక్కి వేద్దాం, అరుగు సమానమైతది. జాకీ తే" అన్నాడు.